ఆ చీటీ సరిగ్గానే ఉంది

మా తోటికోడలు పోయిందన్న మాట నేను రావులపాలెం సెంటర్లో విన్నాను. మా వీధి ఆడవాళ్ళతో కలిసి పిఠాపురం వెళ్ళి, కుక్కుటేశ్వరుణ్ణీ అమ్మవారినీ చూసుకుని, మూడో రోజు పొద్దున్నే బస్సు దిగాను. లారీకి అరటి గెలలు ఎక్కిస్తున్న మా ఊరి మనిషొకడు నన్ను చూసి, భుజం మీది గెల కిందపెట్టి దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మగారండీ, ఇప్పుడా రావడం? చిన్నమ్మగారు నిన్న పోయారండి. మీకు కబురెలా చెప్పాలో తెలీక సాయంత్రమే తీసుకెళ్ళిపోయారండి."

"ఏ చిన్నమ్మగారు?"

"మీ చిన్నమ్మగారేనండి."

"నోరు కడుక్కో. పొద్దున్నే తాగొచ్చావా ఏంటి?" అని చెయ్యెత్తాను కూడా. అతను పక్కకి జరగలేదు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడు నమ్మాను.

ఆమె నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. చిన్నది ముందు వెళ్ళడం ఏంటని ఊరు చేరేదాకా ఆటోలో అదే మాట అంటూనే ఉన్నానట. నాకు గుర్తులేదు. ఇవాళ్టికి నెల దాటింది. ఇప్పటికీ పొద్దున లేవగానే "ఏమే, పొయ్యి వెలిగిందా?" అని పిలుస్తున్నాను. పిలిచాక తెలుస్తోంది.

నేను చెబుతుంటే మా కూతురి కూతురు ఇది రాస్తోంది. ఎందుకు రాయిస్తున్నానో తరవాత చెబుతాను. ముందు ఆమె ఎలాంటిదో మీరు వినాలి.

ఆ రోజు ఇంటికి వచ్చేసరికి పెరట్లో దుప్పట్ల మీద కందిపప్పు, మినప్పప్పు ఎండకి పోసినవి పోసినట్టే ఉన్నాయి. కడిగిన డబ్బాలు బోర్లించి ఉన్నాయి. మైల కదా, ఎవరూ ముట్టుకోలేదు. రోహిణి ఎండలు పోయేలోగా కొట్టుగది దులిపి, పప్పులు ఎండబెట్టి, వానాకాలానికి అన్నీ సర్దిపెట్టడం ఆమెకి ఏటా ఉన్న పని. నేను తిరిగొచ్చేలోగా ముగించాలని ఒక్కతే మొదలుపెట్టిందట. డబ్బాలన్నీ బయటికి చేర్చి, కొట్టుగది గడప మీద కూర్చుని, మా మరిదిని మంచినీళ్ళు అడిగిందట. ఆయన చెంబుతో వచ్చేసరికి తలుపుకి తల ఆనించి ఉంది. కునుకు తీస్తోందనుకుని చెంబు పక్కన పెట్టి, లేపడం ఎందుకులే అని ఆయన కూడా అక్కడే కూర్చున్నాడట. ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకీ తెలియదు.

మా కొట్టుగది గురించి చెప్పాలి. వంటింటి వెనక, కిటికీ లేని గది. మూడు గోడలకీ అరలు. మా అత్తగారి కాలంలో అందులో అడుగుపెడితే ఏదో ఒకటి కాలికి తగిలేది. మా తోటికోడలు దాన్ని ఒక దారిలాగా సర్దింది. తలుపుకి ఎడమ పక్క బియ్యం, ఆ తరవాత పప్పులు, ఆ తరవాత చింతపండు, ఉప్పు, బెల్లం, దాటితే పసుపు, కారం, చివర కుడి పక్కన పోపు సామాను. పొయ్యి మీద ఏది ముందు పడుతుందో అది ముందు, ఏది ఆఖరున పడుతుందో అది ఆఖరున.

"ఇది గది కాదు అక్కయ్యా, దారి. ఇటు నుంచి అటు నడిచేసరికి వంటైపోవాలి" అనేది.

ఒక డబ్బా ఉన్నట్టు ఇంకో డబ్బా ఉండేది కాదు. కందిపప్పు నలుపలకల నూనె డబ్బాలో, పెసరపప్పు గుండ్రటి బిస్కెట్ల డబ్బాలో, పంచదార సొట్టపడిన ఇత్తడి గిన్నెలో, ఉప్పు మట్టి జాడీలో. చెయ్యి వేస్తే చేతికే తెలిసేది. కొత్త సరుకు వచ్చిందంటే వెనక పెట్టి పాతది ముందుకి లాగేది. "పాతదానికి తొందరెక్కువ" అనేది. పురుగు పట్టిందా లేదా అని పప్పుని ఎప్పుడూ కళ్ళతో చూసేది కాదు. మూత తీసి వాసన చూసేది. "కన్ను మొహమాటపడుతుంది, ముక్కు పడదు" అనేది. ఊరగాయ జాడీల దగ్గరికి తడి చేత్తో ఎవరు వెళ్ళినా, చివరికి మొగుడైనా సరే, మూడు రోజులు మాట్లాడేది కాదు.

పెద్ద తుఫాను వచ్చిన ఏడాది మా డాబాలోకి పేటలోని జనం ముప్పై మంది దాకా వచ్చి చేరారు. కరెంటు లేదు. పట్టపగలే ఇల్లంతా చీకటి. కిరసనాయిలు బుడ్డి గాలికి నిలవలేదు. నేను కొట్టుగదిలోకి వెళ్ళి ఎడమ నుంచి కుడికి నడిచి, తడుముకోకుండా అంతమందికీ పప్పూ అన్నం వండేశాను. మా తోటికోడలు ఆ జనంలో నిలబడి, "మా అక్కయ్యకి కళ్ళతో పనేముందండీ, ఆవిడ చేతులే చూస్తాయి" అంది. ఆ మాటకి నేను పొంగిపోయాను. ఆమె సర్దింది కాబట్టి నా చేతులు చూశాయన్న ముక్క నాకు తట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆమె మా ఇంటికి కాపురానికి వచ్చిన ఏడాది మాట. పదిహేడేళ్ళ పిల్ల. ఎనిమిదో తరగతి చదివింది. రాగానే మా కొట్టుగది చూసి భయపడి, ఎక్కడివో ఒకేలాంటి తెల్ల రేకు డబ్బాలు తెప్పించి, అన్నిట్లో సరుకులు పోసి, కాయితం చీటీల మీద పేర్లు రాసి మైదాపిండి జిగురుతో అంటించింది.

"అన్నీ చీటీల మీద రాశానండి అక్కయ్యగారూ, ఇంక వెతుక్కోనక్కర్లేదు" అని నాతో చెప్పింది.

"సరే, మంచిపని చేశావు" అన్నాను.

నాకు చదవడం రాదు. అయితే ఆ ఇంట్లో నేను ఐదో తరగతి చదివినదాన్ని. సంబంధం కుదిర్చేటప్పుడు మా నాన్న అలా చెప్పాడు. మా అత్తగారు చదువు లేని కోడలు వద్దని అప్పటికే రెండు సంబంధాలు తిరగ్గొట్టింది. అబద్ధం చెప్పింది మా నాన్నే అయినా, దాన్ని రోజూ మొయ్యాల్సింది నేను. ఉత్తరం వస్తే "పొయ్యి మీద పాలున్నాయి, నువ్వు చదువు" అని ఎవరికో అందించేదాన్ని. అలా ఏళ్ళు గడిపాను.

శ్రావణంలో మా ఆడపడుచుని చూడ్డానికి ఏటి అవతలి నుంచి మగపెళ్ళివారు వచ్చారు. పన్నెండు మంది. అప్పుడు కాలవలో ఎర్రనీళ్ళు. వచ్చినవాళ్ళకి తేటనీళ్ళు ఇవ్వాలని ఇంట్లో పటిక దంచి పొడి చేసి ఒక డబ్బాలో పోశారు. ఉప్పు కూడా దంచి ఇంకో డబ్బాలో పోశారు. రెండూ తెలుపే, రెండు డబ్బాలూ ఒకలాంటివే. పొయ్యి దగ్గర నేనున్నాను. దోసకాయ పప్పు ఉడికింది. అవతల విస్తళ్ళు వేసేస్తున్నారు. కొట్టుగదిలోకి పరుగెత్తాను. వెనక మా అత్తగారు నిలబడి చూస్తోంది. చీటీలు చదివినట్టు చూసి, ఒక డబ్బా తీశాను. అతిథులకి వడ్డించేది ముందుగా నోట్లో వేసుకుంటే ఎంగిలి అవుతుందని మా ఇంట్లో రుచి చూసే అలవాటు లేదు. గుప్పెడు వేసి కలిపి పంపాను.

మొదటి ముద్దకే పెళ్ళికొడుకు మేనమామ నోరు పిడచకట్టుకుపోయింది. వగరు. పన్నెండు మందీ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మా మామగారు పప్పు వేలితో నాకి చూసి లోపలికి వచ్చారు. మా అత్తగారు మా ఇద్దరినీ కొట్టుగది ముందు నిలబెట్టింది.

"ఎవర్తె ఈ పని చేసింది? చదువుకున్నదానివి, నీకు ఉప్పేదో పటికేదో కనపళ్ళేదా?" అని నా మీదికి వచ్చింది. "రేపట్నుంచి నువ్వు పొయ్యి దగ్గరికి రాకు. పశువుల దగ్గరికి పో."

నా నోట్లోనూ తడి లేదు. మా అత్తగారికీ అక్షరం ముక్క రాదు, నన్నే చీటీ చదవమంటుందేమో అనుకున్నాను. అప్పుడు ఆ పదిహేడేళ్ళ పిల్ల ముందుకొచ్చి, "నేనేనండి అత్తయ్యగారూ. చీటీలు తారుమారు చేసి అంటించేశాను. అక్కయ్యగారు ఉప్పని ఉన్న డబ్బాయే తీశారు" అంది.

తిట్లన్నీ అటు మళ్ళాయి. ఎనిమిదో తరగతి నుంచి పుట్టింటి దాకా తిట్టింది. ఆ పిల్ల తలొంచుకుని నిలబడింది. నేను పక్కన నిలబడ్డాను. పశువుల దగ్గరికి వెళ్ళే పని తప్పింది. ఆమె చెప్పింది నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది.

మర్నాడు చీటీలన్నీ పోయాయి. ఒకేలాంటి డబ్బాలు కూడా పోయాయి. అప్పట్నుంచే ఆ దారి సర్దుడు మొదలైంది. పటిక మళ్ళీ మా ఇంట్లో పొడి రూపంలో కనపడలేదు. గడ్డకి తాడు కట్టి నీళ్ళ కుండ పక్కన మేకుకి వేలాడదీసేది. తన రాత మీద తనకే నమ్మకం పోయిందనుకున్నాను.

పెళ్ళి మాత్రం కుదిరింది. మగపెళ్ళివారు మంచివాళ్ళు, దాన్నొక నవ్వులాటగా తీసుకున్నారు. మేమూ తీసుకున్నాం. అందరికంటే ఎక్కువ నేనే. ఎవరొచ్చినా ఆ కథ చెప్పేది నేనే. "మా తోటికోడలు ఎనిమిదో తరగతి అండి. పటిక మీద ఉప్పని రాస్తుంది" అనేదాన్ని. పేరంటాల్లో, పెళ్ళి పందిళ్ళలో, ఆమె కొడుకు పెళ్ళిలో వియ్యపురాలి ముందు కూడా. ఊళ్ళో పిల్లలు ఆమెని పటిక పిన్ని అనేవారు. ఆ పేరు పెట్టింది నేను. "అవునండీ, నా చదువు అంతవరకే" అని ఆమె కూడా నవ్వేది. నలభై ఏళ్ళ పైన ఆ మాట అన్నాను. ఒక్కసారైనా ఆమె మొహం మారలేదు.

మైల పట్టింపులు లేని ఆమె కోడలు ఆ రోజుల్లోనే కొట్టుగది సర్దింది. ఆ అమ్మాయి రాజమండ్రిలో టీచరు. మంచి పిల్ల. డబ్బాలు తుప్పు పట్టాయని, పప్పులు బయట పాడవుతున్నాయని, ఎర్ర మూతల ప్లాస్టిక్ డబ్బాలు తెప్పించి, అన్నీ పోసి, ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు రాసి అంటించింది. పదో రోజు పొద్దున నేను పరామర్శకి వచ్చినవాళ్ళకి కాఫీ పెడదామని లోపలికి వెళ్ళాను. ఎడమ గోడ, ఎదుటి గోడ, కుడి గోడ. అన్నీ ఎర్ర మూతలే. పంచదారకి చెయ్యి చాపితే నున్నటి ప్లాస్టిక్ తగిలింది. పక్కదీ అదే. దాని పక్కదీ అదే. నా ఇంట్లో నేను దారి తప్పాను.

"ఎవరు సర్దమన్నారు నిన్ను?" అని అరిచాను.

ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "పెద్దత్తయ్యగారూ, మీకు సులువుగా ఉంటుందనండి. అన్నిటి మీదా రాశాను, చూడండి."

"మీ అత్తకీ ఇదే పిచ్చి. చీటీలు అంటించి పటికని ఉప్పు చేసింది. ఇప్పుడు నువ్వు ఏం చేస్తావో."

అవతల వసారాలో పడక్కుర్చీలో మా మరిది ఉన్నాడు. నా ఎదుట పెద్దగా మాట్లాడే మనిషి కాదు. లేచి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"వదినా, ఆ చీటీ సరిగ్గానే ఉంది" అన్నాడు.

"ఏ చీటీ?"

"పెళ్ళిచూపుల మర్నాడు కాలవ రేవుకి డబ్బాల బుట్ట మోసుకెళ్ళింది నేనే. చీటీలు నానబెట్టి గోకింది నేనే. ఉప్పు మీద ఉప్పనే ఉంది. పటిక మీద పటికనే ఉంది."

నాకు అర్థం కాలేదు. కాదు, అర్థమైంది. చెవులు మాత్రం వినలేదు.

"నీకు చదవడం రాదని ఆవిడకి ఆ రోజే తెలిసిపోయింది. నాతో ఒట్టు వేయించుకుంది. అక్కయ్య ఈ ఇంట్లో తలెత్తుకుని తిరగాలండీ అంది. ఇన్నేళ్ళూ ఆవిడ నవ్వింది కాబట్టి నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వడానికి ఆవిడ లేదు."

అంతే చెప్పి వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. ఆమె పోయిందని రావులపాలెంలో విన్నప్పుడు చెయ్యెత్తాను. ఇది విన్నాక చెయ్యి ఎత్తడానికి కూడా లేవలేదు. ఆ ఎర్ర మూతల మధ్య నేల మీద కూర్చుండిపోయాను. నా కోసం నలభై ఏళ్ళు ఒక గదిని గుడ్డిదానికి సర్దినట్టు సర్దింది. నేను ఆ గదిలోనే నిలబడి ఆమెని ఎగతాళి చేశాను.

పెద్దకార్యం నాడు భోజనాల దగ్గర మా ఆడపడుచు కళ్ళు తుడుచుకుంటూనే మొదలుపెట్టింది. "పాపం చిన్నొదిన. నా పెళ్ళిచూపుల్లో పటిక పప్పు..." అంది. బంతిలో ఉన్నవాళ్ళు చిన్నగా నవ్వారు. ప్రేమగానే నవ్వారు.

నేను లేచాను. "అది నేను చేశాను. చీటీ సరిగ్గానే ఉంది. చదవడం రాక నేను పటిక వేశాను. నా తప్పు ఆమె నెత్తిన వేసుకుంది" అన్నాను.

ఆ తరవాత జరిగింది చూడండి. మా ఆడపడుచు వచ్చి నన్ను కావలించుకుంది.

"ఎంత ప్రేమే వదినా నీకు. పోయినావిడ మీద మాట పడకూడదని నీ మీద వేసుకుంటున్నావా?"

"ప్రేమా లేదు, దోమా లేదు. నిజం చెబుతున్నాను."

"ఐదో తరగతి చదివినదానివి, నీకు ఉప్పని చదవడం రాదా? ఊరుకో."

"మీ చిన్నన్నయ్యని అడుగు."

మా మరిది తల ఎత్తి, "వదిన చెప్పింది నిజమే" అన్నాడు.

"చిన్నన్నయ్య పెళ్ళాం కోసం ఏదైనా అంటాడు. ఆవిడ పోయిన బాధలో ఉన్నాడు, ఆయన్ని కదపకండి" అంది మా ఆడపడుచు.

పెద్దకార్యం కార్డు ఒకటి అక్కడ ఉంటే తీసుకున్నాను. "ఇదిగో, నన్ను చదవమనండి. రాదు. చూడండి" అన్నాను. కార్డు పట్టుకుని అంతమంది ముందు నిలబడ్డాను. ఎవరూ చూడలేదు. అందరూ విస్తళ్ళలోకి తలలు వంచుకున్నారు. మా ఆడపడుచు నెమ్మదిగా కార్డు నా చేతిలోంచి తీసేసుకుంది. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ నా చేతులు పట్టుకుని, మీది పెద్ద మనసండీ అన్నారు. అబద్ధం చెప్పి ఆమె తిట్లు తిన్నది. నిజం చెప్పి నేను పొగడ్తలు తిన్నాను. ఆ పొగడ్త నాకు అరగడం లేదు.

అందుకే ఇది అచ్చులోకి పంపమని రాయిస్తున్నాను. నోటిమాటకి విలువ లేదని ఆ బంతిలో చూశాను. మా బంధువుల్లో, మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆ కథ తెలియనివాళ్ళు లేరు. నేనే తెలిసేలా చేశాను. మీలో ఎవరైనా నా నోట విని ఉంటే, ఇంకెవరికైనా చెప్పి ఉంటే, వాళ్ళ దగ్గరికి వెళ్ళి దిద్దండి. ఆమె రాత తప్పు పోలేదు. ఆమె చదువులో లోపం లేదు. పటిక పిన్ని అన్న పేరు ఆమెది కాదు. అలా పిలవాలనిపిస్తే నన్ను పిలవండి, పలుకుతాను.

ఆమె కోడలు రాజమండ్రి వెళ్ళేముందు వచ్చి, "పెద్దత్తయ్యగారూ, చీటీలు తీసేయమంటారా?" అని అడిగింది. మా మరిది ఆ మాట అన్నప్పుడు ఆ అమ్మాయి అక్కడే ఉంది. మామగారి మాట నమ్మింది ఆ పిల్ల ఒక్కతే. ఇద్దరం కలిసి ఒక పూటంతా సరుకులు మళ్ళీ పాత డబ్బాల్లోకి మార్చాం. నేను చెయ్యి పెట్టి చోటు చూపించాను, ఆమె పెట్టింది. పోపు సామాను దగ్గరికి వచ్చేసరికి మెంతులు ముందో ఆవాలు ముందో నాకు తేలలేదు. మా తోటికోడలు ఉంటే అడిగేదాన్ని.

ఇంతవరకూ రాశాక మా మనవరాలు మొత్తం చదివి వినిపించింది. ఎక్కడా మార్చలేదని ఒట్టు వేయించుకున్నాను.

"అమ్మమ్మా, నీకు నిజంగా రాదా?" అంది. చిన్నప్పుడు దాని ప్రోగ్రెస్ కార్డులన్నీ నా చేతికే ఇచ్చేది. నేను చూసి తలాడించేదాన్ని.

"నా తప్పు అని రాశావు కదా, ఆ ముక్క ఎక్కడుందో చూపించు" అన్నాను.

కాయితం నా ఒళ్ళో పెట్టి చూపించింది. కళ్ళు తుడుచుకోవడానికి ఒక్క క్షణం తల తిప్పాను. మళ్ళీ చూసేసరికి అన్ని వరుసలూ ఒకేలా ఉన్నాయి. గుర్తున్నంతలో ఒక చోట వేలు పెట్టి, "ఇదే కదా?" అన్నాను.

అది నా వేలు పట్టుకుని, మెల్లగా ఒక వరుస కిందకి జరిపింది.